శస్త్రచికిత్సకు ముందు పసిబిడ్డకు అభయము

శ్రీవిల్లిపుత్తూరులో వటపత్రశాయికి నిత్యము పుష్పమాలికలు సమర్పించుచు ధన్యజీవనము గడపిన మహనీయుడు పెరియాళ్వారు. విష్ణుచిత్తుడను పేరున ఆయన ఆంధ్రదేశమునకు చిరపరిచితుడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు కీర్తించిన భక్తశిరోమణి ఈయనయే. గోదాదేవికి తండ్రియు ఈయనయే. ఈ ఆళ్వారు తాను యశోదాదేవియై, బాలకృష్ణుని ఊయలలో పరుండబెట్టి, స్నానము చేయించి, పూలు ముడిచి, దృష్టిదోషము తగులకుండ రక్ష పెట్టి, తల్లి చేయు ఉపచారములన్నియు పాశురములలో చేసినాడు. అందులో ఒక దశకము చెవులు కుట్టు వేడుకను గూర్చినది. కేశవ నామము మొదలు దామోదర నామము వరకు ద్వాదశ నామములను వరుసగా ఆ పాశురములలో కూర్చి, తల్లి తన బిడ్డను చెవులు కుట్టించుకొనుటకు రమ్మని పిలుచుచున్నది.

ఆ బిడ్డ ఎవ్వడు? మూడడుగులతో ముల్లోకములు కొలిచినవాడు. అట్టివాడు సూది పేరు వినగానే రానని మొరాయించుచున్నాడు. చేయి పట్టి బలవంతముగా లాగినచో నీకేమి, నొప్పి పుట్టునవి నా చెవులు గదా అని తల్లితో వాదించుచున్నాడు. తల్లి ఏమి చేయుచున్నది? కసరుకొనలేదు. బూచివానిని పిలువలేదు. పెట్టబోవు బంగారు పోగులను ముందుగానే చూపుచున్నది. పండ్లు ఇత్తునని ఆశ పెట్టుచున్నది. పుండేమియు కాదు, ఒక్క క్షణము ఓర్చుకొనుమని బతిమాలుచున్నది.

భక్తులారా! భగవంతుడు ఈ భయమును అభినయించి మనకు చూపినది ఎందులకు? పసివాని భయము తప్పు కాదని తెలుపుటకే. సర్వలోక రక్షకుడే బాలుడైనపుడు సూదికి జంకెనన్నచో, మన ఇండ్లలోని 5 ఏండ్ల బిడ్డ శస్త్రచికిత్సకు జంకుటలో వింత యేమున్నది? ఆ భయమును తీర్చు భారము పెద్దలది. అది ఎట్లు తీర్చవలెనో మన గ్రంథములును, నేటి వైద్యశాస్త్రమును ఒక్క మాటగా చెప్పుచున్నవి.

శల్యతంత్రము చెప్పిన లాలన

ఆయుర్వేదమునకు అష్టాంగములు కలవు. శరీరమున నాటిన ముల్లును, బాణమును, పెరిగిన గడ్డను తొలగించు విద్యకు శల్యతంత్రమని పేరు. కాశీరాజైన దివోదాస ధన్వంతరి నుండి సుశ్రుతుడు ఈ విద్యను గ్రహించెనని సంప్రదాయము. అమృతకలశముతో క్షీరసాగరమున ఆవిర్భవించిన ధన్వంతరి శ్రీమన్నారాయణుని అవతారమే గనుక, వైష్ణవునకు వైద్యుని కత్తి పరాయి వస్తువు కాదు.

సుశ్రుత సంహిత సూత్రస్థానమున కర్ణవేధ విధి చెప్పబడినది. బిడ్డను ఎత్తుకొనువారి ఒడిలో కూర్చుండబెట్టవలెను, ఆటబొమ్మలతో మరపింపవలెను, మంచి మాటలతో ఓదార్చుచు వైద్యుడు పని ముగింపవలెను. గమనింపుడు! కుట్టవలసినది చెవి, అయినను శాస్త్రకారుడు ముందుగా పలికినది ఒడిని గూర్చి, బొమ్మను గూర్చి, ఓదార్పును గూర్చి. నేటి పిల్లల ఆసుపత్రులలో బొమ్మలతో ఆడించుట, చిత్రములు చూపుట, మత్తు ఇచ్చువరకు వీలైనచోట తల్లిని గాని తండ్రిని గాని దగ్గర ఉండనిచ్చుట ఈ పద్ధతికి కొనసాగింపే. మిక్కిలి భయపడిన బిడ్డకు మేల్కొనిన పిమ్మట నొప్పి అధికముగా తోచుననియు, కొన్నాళ్లు నిద్ర చెడుననియు వైద్యులు గుర్తించినారు. కావున భయము తీర్చుట ముద్దుచేయుట కాదు. అది చికిత్సలో ఒక భాగము.

ముందు తమకు, పిదప బిడ్డకు

శ్రీమద్భాగవతము దశమస్కంధమున పూతన వధానంతరము జరిగిన కథ అందరికిని తెలిసినదే. రాక్షసి రొమ్ముపై ఆడుకొనుచున్న శిశువును గోపికలు పరుగున పోయి ఎత్తుకొనిరి. గోపుచ్ఛము త్రిప్పిరి, గోధూళి అలదిరి, ఒక్కొక్క అవయవమును ఒక్కొక్క భగవన్నామము కాపాడుగాక అని రక్ష పెట్టిరి. ఈ ఘట్టమున మనము సామాన్యముగా గమనింపని సూక్ష్మ మొకటి కలదు. గోపికలు వెంటనే బిడ్డకు న్యాసము చేయలేదు. ముందుగా జలము స్పృశించి, తమ అంగములకు, తమ కరములకు న్యాసము చేసికొనిరి. ఆ పిదపనే బాలునకు చేసిరి.

శ్రీమద్రామాయణమునను ఇదే క్రమము. రాముడు అరణ్యమునకు పోవునని విని కౌసల్య ఎంత విలపించెనో మనకు తెలియును. కాని మంగళాశాసనము చేయు వేళకు ఆమె దుఃఖమును ప్రక్కకు నెట్టి, శుద్ధజలము స్పృశించి, స్థిరచిత్తయై నిలిచినది. అప్పుడు సకల దేవతలను కుమారుని రక్షింపుడని వేడినది.

దీని తాత్పర్యము స్పష్టము. వణకు చేతితో పెట్టిన రక్ష బిడ్డకు వణకునే ఇచ్చును. పసివాడు మన మాటలకంటె ముందు మన ముఖమును చదువును. తల్లి కొంగుతో కన్నులొత్తుకొనుట, తండ్రి గది బయట గుసగుసలాడుట, అమ్మమ్మ వచ్చి కౌగిలించుకొని బావురుమనుట, ఇవన్నియు వాడు చూచుచునే ఉండును. చెప్పని మాటనుండి వాడు పెద్ద కథ అల్లుకొనును. కావున ఏడువవలసినవారు స్వామి సన్నిధిలో ఏడువవలెను. సందేహములున్నవారు వైద్యుని ఎదుట అడిగి తీర్చుకొనవలెను. ఆ పిదప ముఖము కడుగుకొని బిడ్డ దగ్గరకు రావలెను.

అబద్ధముతో తీసికొనిపోరాదు

కొందరు పెద్దలు బిడ్డ ఏడ్చునను భయముతో, "కొండకు పోతున్నాము, స్వామిని చూసి వద్దాము" అని చెప్పి ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. ఇది ప్రేమతో చేసిన పనియే. కాని దాని ఫలము ఘోరము. ఆ బిడ్డ తలుపు దాటగానే రెండు విశ్వాసములను పోగొట్టుకొనును: తల్లిదండ్రుల మాటపై విశ్వాసము, కొండమీది స్వామి పేరుపై విశ్వాసము. శరణాగతికి ప్రాణము మహావిశ్వాసమని మన ఆచార్యులు బోధించినారు. ఆ విశ్వాసమునకు మొలక తల్లి మాట. మొలకను త్రుంచి, చెట్టు పెరగలేదని చింతించుట తగునా?

సత్యమును వయస్సుకు తగినట్లు చెప్పవలెను. సంవత్సరము, రెండు సంవత్సరముల శిశువునకు మాటలకంటె తల్లి ఎడబాటే భయము. వానికి అలవాటైన దుప్పటి, బొమ్మ, తల్లి స్పర్శ చాలును. 3 మొదలు 5 ఏండ్ల వానికి ఒకటి రెండు దినముల ముందు చెప్పిన చాలును. మరీ ముందుగా చెప్పినచో ఆ దినములన్నియు కలతయే. 6 ఏండ్లు దాటినవానికి ఇంచుమించు వారము ముందే చెప్పి, అడిగిన ప్రశ్నలకెల్ల సమాధానమీయవలెను. పెద్ద పిల్లలు మధ్యలో మెలకువ వచ్చునేమో అనియు, తమ శరీరము నలుగురి ఎదుట బయటపడునేమో అనియు లోలోపల బాధపడుదురు. వారిని వైద్యునితో స్వయముగా మాటలాడనీయవలెను.

చెప్పవలసిన మాట ఇంత సరళముగా ఉండవచ్చును: "నాన్నా, నీ గొంతులో ఉబ్బినవి నీకు మాటిమాటికి జ్వరము తెప్పిస్తున్నాయి. ఎల్లుండి డాక్టరుగారు వాటిని తీసివేస్తారు. నీకు మందుతో నిద్ర వస్తుంది. ఆ నిద్రలో నీకు నొప్పి తెలియదు. పని అయిన తరువాత వాళ్లే నిన్ను లేపుతారు. లేచాక కొంచెము నొప్పి ఉంటుంది. దానికీ మందు ఇస్తారు. నీవు లేచేసరికి నేను అక్కడికి వస్తాను."

ఇందులో "నొప్పే ఉండదు" అను మాట లేదు. యశోద సహితము ఓర్చుకొనుమనెను గాని ఓర్చుకొనవలసినది ఏమియు లేదనలేదు. "నిద్ర" అను మాట వాడునపుడును జాగ్రత్త అవసరము. తాతగారు పరమపదించినపుడు, "తాతయ్య నిద్రపోయారు, ఇక లేవరు" అని చెప్పిన ఇంటిలో, "నిన్నూ నిద్రపుచ్చుతారు" అని విన్న బిడ్డ ఏమనుకొనును? కావున ఇది మందు నిద్ర యనియు, మత్తుమందు వైద్యుడు ఆసాంతము ప్రక్కనే ఉండి కనిపెట్టుననియు, తప్పక లేపుదురనియు విప్పి చెప్పవలెను. కత్తి, కోత, రక్తము వంటి మాటలు బిడ్డ అడుగకుండ మనము తేనక్కరలేదు.

దేవుడు శిక్షించెనను మాట

ఇది భక్తుల ఇండ్లు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయము. 3 మొదలు 6 ఏండ్ల ప్రాయమున పిల్లలు తమకు వచ్చిన రోగమును తాము చేసిన అల్లరికి శిక్షగా భావించుట కద్దు. అట్టివాని చెవిన పడునట్లు, "ఏ జన్మలో చేసిన పాపమో" అని నిట్టూర్చినచో, వాని శంక స్థిరపడును. "అల్లరి చేస్తే సూది వేయిస్తాను" అని వైద్యుని చూపి బెదిరించిన ఇంటిలో, శస్త్రచికిత్స పెద్ద శిక్షగా తోచుట సహజమే.

కర్మ సిద్ధాంతము సత్యమే. కాని అది పెద్దలు తమ్ము తాము దిద్దుకొనుటకు చెప్పబడినది. పసివాని మంచము ప్రక్క పలుకుటకు కాదు. మన సంప్రదాయమున జీవుని దోషములను ఎత్తి చూపక, స్వామితో క్షమింపజేయు పెరియపిరాట్టి కలదు. ఆ తల్లి బిడ్డలము మనము. ఆమె చేయని పనిని మనము చేయనేల? "ఇది నీ తప్పు వలన రాలేదు కన్నా" అను ఒక్క వాక్యము అడుగకపోయినను చెప్పవలసినది.

మ్రొక్కుబడుల విషయమును ఇట్టిదే. బిడ్డకు చికిత్స చక్కగా జరిగినచో తలనీలాలు ఇత్తుమనియు, నడిచి కొండ ఎక్కుదుమనియు మ్రొక్కుట మన ఆచారము. మ్రొక్కుకొనుడు. కాని "నా బిడ్డ ప్రాణాలతో బయటపడితే" అని బిడ్డ వినునట్లు బిగ్గరగా మ్రొక్కరాదు. అప్పటివరకు ప్రాణము మాట వాని తలపుననే లేదు, మనమే తెచ్చితిమి. స్వామికి మనస్సులో పలికినదియు వినబడును.

తీర్థప్రసాదములు, రక్షలు

మత్తుమందు ఇచ్చునపుడు కడుపులో ఆహారమున్నచో, అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. అందుచేతనే ఉపవాసము విధింతురు. సాధారణముగా భోజనము, పాలు, మజ్జిగ వంటివి 6 గంటలకు ముందు, తల్లిపాలు 4 గంటలకు ముందు, తేటనీరు 2 గంటలకు ముందు ఆపవలెనని నియమము. ఆసుపత్రివారు చెప్పిన కాలమే ప్రమాణము. ఆ ఉదయము ప్రేమతో నోట పెట్టిన లడ్డు తునక, పొంగలి మెతుకు, తులసిదళము చికిత్సను వాయిదా వేయించును. దాచి పెట్టినచో బిడ్డ ప్రాణమునకే ముప్పు. ప్రసాదమును కన్నుల కద్దుకొని భద్రపరచి, వైద్యుడు సరే అన్న పిమ్మట పెట్టినచో దాని మహిమ తగ్గదు. పొరపాటున పెట్టియున్నచో సంకోచింపక వెంటనే చెప్పవలెను.

అట్లే చెప్పిన కాలము మించి పస్తు పెట్టుటయు మంచిది కాదు. దాహముతో నోరెండిన బిడ్డకు భయము ఇనుమడించును. అనుమతించిన గంట వరకు నీరు ఇండు. ఏకాదశి ఎరిగిన బిడ్డకు, "ఈ పూట మన అందరికీ ఉపవాసమే" అని చెప్పి, పెద్దలును వాని ఎదుట తినకుండుట మేలు.

మెడలోని తాయెత్తు, మొలత్రాడు, గాజులు, లోహపు రక్షలు తీయుమని ఆసుపత్రివారు చెప్పుదురు. అక్కడ బిడ్డ ఎదుట వాదులాడినచో, రక్ష పోయెనని వాడు బెదరును. ముందురాత్రియే ఇంటిలో నెమ్మదిగా తీసి, "ఇది అమ్మ దగ్గర ఉంటుంది, స్వామి నీ దగ్గర ఉంటాడు" అని చెప్పి పెట్టెలో ఉంచుడు. కౌసల్య రాముని కొరకు మంత్రమును జపించినది. విశల్యకరణి యను ఓషధిని రక్షగా కట్టినది. శల్యమును తొలగించునది విశల్యకరణి. హనుమంతుడు లక్ష్మణుని కొరకు తెచ్చిన పర్వతముపైని ఓషధులలో ఇదియు ఒకటి. మంత్రమును ఓషధమును ఆ తల్లి వేరుచేయలేదు, మనమును చేయరాదు. ఊగుచున్న పాలపన్ను ఉన్నదా, జలుబు దగ్గు ఉన్నవా, నాటుమందు ఏదైన ఇచ్చితిమా, వంశమున ఎవరికైన మత్తుమందు పడకపోయెనా అను సంగతులు వైద్యునకు దాచక చెప్పుటయు రక్ష పెట్టుటయే.

ద్వాదశ నామములు, పన్నెండు ఊపిరులు

భయపడిన బిడ్డ ఊపిరి పైపైన ఆడును. నెమ్మదిగా ఊపిరి విడిచినకొలది గుండెదడ తగ్గును. వారము ముందునుండి పడుకొనుటకు ముందు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క నామముగా కేశవ, నారాయణ, మాధవ, గోవింద, విష్ణు, మధుసూదన, త్రివిక్రమ, వామన, శ్రీధర, హృషీకేశ, పద్మనాభ, దామోదర అని పలికింపుడు. నామము పలుకుచు గాలిని నెమ్మదిగా విడువనిండు. పెరియాళ్వారు చెవులు కుట్టు వేళకు కూర్చినవి ఈ నామములే గదా! ఆసుపత్రిలో ముఖమునకు గాలిగొట్టపు ముసుగు పెట్టునపుడు బిడ్డకు ఈ అలవాటు ఎంతయో ఉపకరించును. కాని ఒక హెచ్చరిక: పలుకకున్న స్వామి కాపాడడని మాత్రము అనరాదు. ఏడ్చి నామము మరచిన బిడ్డను స్వామి మరచునా?

ఇంటిలో ఒక బొమ్మకు కట్టు కట్టి, సూది వేసినట్లు, నిద్రపుచ్చినట్లు, లేపినట్లు ఆడింపుడు. లేపుట మరువరాదు. వాడే వైద్యుడై ఆడినపుడు భయము సగము తీరును. ఏ బొమ్మ తెచ్చుకొందువు, ఏ చేతికి సూది వేయించుకొందువు అని చిన్న చిన్న నిర్ణయములు వానికే విడువుడు. చికిత్స చేయించుకొందువా లేదా అని మాత్రము అడుగరాదు. అది వాని చేతిలోని విషయము కాదు.

తలుపు దగ్గర

మన పూర్వాచార్యులు శరణాగతిని రెండు న్యాయములతో వివరించినారు. కోతిపిల్ల తల్లి కడుపును తానే పట్టుకొనును. ఇది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్ల ఏమియు చేయదు. తల్లియే నోట కరచుకొని తీసికొనిపోవును. ఇది మార్జాలకిశోర న్యాయము. శస్త్రచికిత్స దినమున బిడ్డ ఈ రెండు స్థితులను చూచును. తలుపు వరకు వాడు కోతిపిల్ల. మన మెడ పట్టుకొనియుండును. మందు నిద్ర పట్టిన క్షణమునుండి పిల్లిపిల్ల. పట్టుకొనుటకు చేతులు లేవు, పిలుచుటకు నోరు లేదు. అప్పుడు పట్టుకొనవలసినది రక్షకుడే.

తల్లి రాజాలని ఆ గదిలోనికి స్వామి క్రొత్తగా రానక్కరలేదు. అంతర్యామియై బిడ్డ హృదయముననే ఉన్నాడు. వైద్యుని చేతిలోను ఉన్నాడు. ఈ మాట మొదట నమ్మవలసినవారు తలుపు బయట నిలిచిన తల్లిదండ్రులు. తిరుపతిలో అంగవైకల్యముగల పిల్లలకు చికిత్స చేయు బర్డ్ ఆసుపత్రి ముంగిటను, 2021 అక్టోబరులో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము ముంగిటను ఇట్లు నిలిచి కొండవైపు చూచు తల్లిదండ్రులు ఎందరో కలరు. దర్శనమునకు వచ్చిన యాత్రికులు సన్నిధిలో క్షణకాలము వారి బిడ్డలనుకూడ తలచుకొనినచో అది ఉత్తమమైన మంగళాశాసనము.

బిడ్డ మేల్కొనినపుడు ఇచ్చిన మాట ప్రకారము మన ముఖము వానికి కనబడవలెను. మత్తు దిగునపుడు కొందరు పిల్లలు మనలను గుర్తింపనట్లు పెనుగులాడి ఏడ్తురు. సాధారణముగా కొద్దిసేపటికి అది తగ్గును. తరువాత కొన్నాళ్లు రాత్రులు ఉలికిపడుట, పక్క తడుపుట, తల్లిని విడువకుండుట ఉండవచ్చును. "అంతా అయిపోయింది గదా, ఇంకా ఏమిటి?" అని కసరరాదు. పూతన గండము గడచి రక్ష పెట్టిన తరువాత యశోద ఏమి చేసినది? బిడ్డకు పాలిచ్చి పరుండబెట్టినది. అంతకు మించిన ఉపచారము లేదు.

చెవి కుట్టునపుడు జంకిన చిన్ని కృష్ణుడు, జంకిన ప్రతి బిడ్డకు తోడై నిలుచుగాక. వైద్యుల చేతులకు నేర్పును, తల్లిదండ్రుల మాటకు సత్యమును, పసివారి కన్నులకు సుఖనిద్రను శ్రీవేంకటేశ్వరుడు ప్రసాదించుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.